గడ్డం ఎత్తి చూపిన చోటు

పోయిన నెల పులివెందుల బస్టాండు బయట ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. కాళ్ళ దగ్గర రిపేరుకు తెచ్చుకున్న స్టార్టరు పెట్టె ఉంది. ఎదురుగా మురుగుకాలువ కోసం ఒక జేసీబీ రోడ్డు అంచు తవ్వుతోంది. బకెట్టు నేలకు తగిలిన ప్రతిసారీ నా చెవి అటే పోతోంది. మొదట గట్టిగా మోగింది. రెండడుగులు జరిగాక ధాన్యం గాదెలో చెయ్యి పెట్టినట్టు మెత్తగా దిగింది. ఇక్కడ ఎవరో ఇంతకు ముందే తవ్వి పూడ్చారు అనుకున్నాను. అనుకున్నాక నవ్వొచ్చింది. ఆ వినికిడి నాది కాదు, ఒకాయన దగ్గర నేర్చుకున్నది.

అంతలో మిషన్ ఆగింది. డ్రైవరు కిందికి దూకి నా వైపే వచ్చాడు.

"మోటార్ల అప్పా! నన్ను గుర్తుపట్నావా? జమ్మలమడుగు దిబ్బ కాడ..."

గుర్తుపట్టాను. మర్చిపోయే మనిషి కాదు.

"ఈడ పాత పైపులైను గుంత తగిల్నాది. తాత ఉంటే బకెట్టు దిగకముందే చెప్పేటోడు గదా," అన్నాడు. చేతులు దులుపుకుంటూ, "నీకు తెలిసిందా? తాత పోయినాడంట. పదైదు దినాలైందంట," అన్నాడు.

ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. ఎక్కలేదు. మా ఇద్దరికీ టీ చెప్పి, ఆ గుంతనే చూస్తూ నిలబడ్డాం.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. పోయినవాళ్ళ పేరు ఎత్తడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. "పేరు పెట్టి పిలిస్తే పని పడిందేమోనని లేచొస్తారబ్బీ. బతికినన్నాళ్ళు చేసిన పని చాలదా వాళ్ళకు?" అనేవాడు. అందుకే పెద్దాయన అనే రాస్తాను. ఊళ్ళలో రైతులు ఆయన్ని ఎలకలాయప్ప అని పిలిచేవాళ్ళు. చేలల్లో ఎలుకలు పట్టడం ఆయన పని. ఆయన పుట్టిన యానాది తెగలో తాతల నాటి నుంచీ వస్తున్న పని.

ప్రొద్దుటూరులో నాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే చిన్న అంగడి. చదివింది పదో తరగతి. మిగిలిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో కిటికీ పక్క బెంచీ మీద, సాయంత్రాలు చదువుకున్నదే. శాసనాలు, కోటలు, పాత సమాధులు, ఆ బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాను. కొత్త పుస్తకం వస్తే ముద్ర వేయకముందే గ్రంథపాలకుడు నాకు చూపించేవాడు. తెలుగు అక్షరం తొలినాళ్ళలో రాతి మీద నిలిచిన నేలల్లో మా జిల్లా ఒకటని చదివినరోజు, రోడ్డు మీద నడుస్తుంటే ఛాతీ దానంతట అదే ముందుకొచ్చింది. ఈ మాటలు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఆ చదువు వల్ల నేను ఒక పెద్ద తప్పు చేశాను. పెద్దాయన గురించి రాయాలంటే దాని గురించి కూడా రాయాలి.

ఆయన్ని మొదట చూసింది జమ్మలమడుగు పక్కన ఒక శనక్కాయ చేనిలో. నేను ఆ రైతు మోటారు చూడటానికి పోయాను. చేనిలో ఒక పొట్టి మనిషి, భుజం మీద పొట్టి గడ్డపార, తలకు తువ్వాలు. వెనకాల ఆయన కూతురు పొగకుండ పట్టుకుని నడుస్తోంది. బొక్కలోకి పొగ ఊదడానికి అడుగున చిల్లి పెట్టిన కుండ అది.

రైతు గట్టు మీద నిలబడి తొందర చేస్తున్నాడు. "ఈడ్నే కొట్టప్పా! బొక్క కనపడ్తానే ఉంది గదా."

"అది తలుపు రెడ్డీ. ఇల్లు ఆడ లేదు."

"తలుపు ఈడుంటే ఇల్లు యాడికి పోతాది?"

"నీ ఇంట్లో వడ్లు తలుపు కాడ్నే పోసుకుంటావా?"

రైతు గట్టు మీదే కూర్చున్నాడు. పెద్దాయన తలమీది తువ్వాలు విప్పి నడుముకు చుట్టుకున్నాడు. వినే పని మొదలయ్యే ముందు ఎప్పుడూ అలాగే చేసేవాడు. గడ్డపార మొన పైకి, మొద్దు కిందికి తిప్పి, అడుగుకొక దెబ్బ చొప్పున నేలను కొడుతూ నడిచాడు. ఎడమ చెవి కొంచెం వంచి పెట్టేవాడు. పక్కింట్లో ఎవరో మెల్లగా మాట్లాడుతుంటే వినేవాడి మాదిరి ఉండేది ఆ వంపు. ఒకచోట ఆగి రెండోసారి కొట్టాడు, మూడోసారి కొట్టాడు. గడ్డం ఎత్తి ఆ చోటు చూపించాడు. కూతురు అక్కడ తవ్వింది. మోచేతి లోతులో ఎలుకలు దాచుకున్న శనక్కాయలు, ఏరి కడిగినట్టు.

ఎలుక దాచింది పట్టినవాడిదేనని అక్కడ కట్టుబాటు. కూతురు కాయలన్నీ తువ్వాలులో పోసుకుంది. ఆయన ఒక పిడికెడు తీసి గుంతలో వేశాడు. తర్వాత మన్ను లాగి పూడ్చి, కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టాడు.

"పూడ్చేదెందుకప్పా? ఎట్లా నేను దున్నేదే గదా," అన్నాడు రైతు.

"తవ్వినోడే పూడ్చాల రెడ్డీ. దున్నేది నీ పని."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

నేను ఉండబట్టలేక దగ్గరికి పోయి అడిగాను. నేల లోపల ఖాళీ ఉంటే సరే, కాయలతో నిండి ఉన్నచోట ఎట్లా తెలుస్తుంది?

"ఖాళీని కాదబ్బీ వినేది. విప్పినదాన్ని. మూట ఒకసారి విప్పి కట్నాక మళ్ళా అదే ముడి పడతాదా? మన్నూ అంతే. విప్పని మన్ను ఠంగుమంటాది. విప్పిన మన్ను దబ్ మంటాది."

"ఎన్నాళ్ళ వరకు?"

"ఎన్నాళ్ళనేది లేదు. మన్ను మర్చిపోదు."

తవ్విన మన్ను రంగు వేరుగా ఉంటుందని, దాన్ని చూసి పాతకాలపు గుంతలను గుర్తుపడతారని నేను పుస్తకంలో చదివింది చెప్పాను. ఆయన కళ్ళు చికిలించి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆ పుస్తకం రాసినాయప్ప ఎలకలు పట్టేటోడా?"

"కాదు మామా, పెద్ద పండితుడు."

"రంగు చూడాలంటే ముందు తవ్వాల గదా. తవ్వినాక తెల్సుకునేది ఏం తెలివి?"

కూతురు పొగకుండ కింద పెట్టి మరీ నవ్వింది.

అప్పటి నుంచి స్నేహం. మా అంగడి పక్కనే కొలిమి ఉంది. గడ్డపార మొన సాగగొట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆయన మా అంగట్లో రాగితీగె చుట్ట మీద కూర్చునేవాడు. చెప్పులు బయట విడిచేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. పుస్తకాలున్న చోటు అనేవాడు. అంగట్లో ఉండేది గ్రంథాలయం నుంచి తెచ్చిన ఒక్క పుస్తకం, మిగిలినవన్నీ కాలిన మోటార్లు.

ఆ ఒక్క పుస్తకం నుంచి చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు రాకాసిగుళ్ళ గురించి చదివాను. నిలువుగా నాలుగు బండలు పాతి, పైన పెద్ద బండ మూత పెట్టి కట్టిన పాతకాలపు సమాధులవి. లోపల పోయినవాళ్ళ ఎముకల పక్కన కుండలుంటాయి, వాటిలో వాళ్ళకు తిండి పెట్టి పంపేవారట.

"అన్నం పెట్టి పంపినారా?" అన్నాడు.

"అవును మామా."

"అయితే మనోళ్ళే."

"వేల ఏళ్ళ నాటి మాట మామా. ఎవరివాళ్ళో ఎవరికి తెలుసు?"

"అన్నం పెట్టి పంపినాక ఎవురైతేనేం?" అని గడ్డపార తీసుకుని లేచిపోయాడు.

ఇంకొకటి రాయాలి. ఆయన నేలను ఎప్పుడూ వేలితో చూపించలేదు. పిందెను వేలితో చూపితే రాలిపోతుందని మా అమ్మ కూడా అనేది. ఆయనకు ఆ పట్టింపు నేల మొత్తానికీ ఉండేది. గుంతయినా, పాదయినా, సమాధయినా, పిడికిలి మూసుకుని గడ్డం ఎత్తి చూపించేవాడు. అదేంటని అడిగితే "పడుకున్నోళ్ళను వేలితో పొడుస్తారా?" అన్నాడు. ఆయన గడ్డం ఎటు చూపుతోందో కూతురికి వెంటనే తెలిసిపోయేది. నాకు తెలియలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

జమ్మలమడుగుకు కొంతదూరంలో, పెన్నకు ఇవతల, వాళ్ళ గుడిసెల వెనక ఒక దిబ్బ ఉంది. పాటిదిబ్బ అంటారు. ఎప్పుడో ఊరుండి పాడుపడిన చోటు. అక్కడి బూడిదరంగు మన్ను పంటకు బలమని రైతులు బండ్లతో తోలుకునేవాళ్ళు. దిబ్బకు ఒక వాలులో పెద్దాయన వాళ్ళు తమవాళ్ళను పూడ్చుకునేవాళ్ళు. పేరు రాసిన రాళ్ళు లేవు, గట్లు లేవు. బోర్లించిన కుండలు, అవి పగిలినచోట పెంకులు. జ్వరానికి, పాముకాటుకు వాడే వేర్లు కూడా ఆ వాలులోనే తవ్వుకునేవాళ్ళు. సర్కారు కాగితాల్లో అది పోరంబోకు, అంటే ఎవరిదీ కాదు.

రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. మన్ను ఆ దిబ్బ నుంచి ఎత్తుతారని తెలిసినరోజు పెద్దాయన అంగడికి వచ్చాడు. కొలిమి దగ్గరికి పోకుండా నేరుగా లోపలికే వచ్చాడు.

"అబ్బీ, దిబ్బ ఎత్తుకొని పోతారంట."

"ఎవరు మామా?"

"రోడ్డోళ్ళు. రోడ్డు మంచిదే, నేనూ నడుస్తా. కానీ ఆడ మాయమ్మ ఉండాది. నా పెండ్లాం ఉండాది. వాళ్ళను తీస్కపోయి రోడ్డు కింద ఏస్తే, వాళ్ళమింద నేను యెట్ల నడిచేది?"

చేతిలోని తీగె కింద పెట్టాను.

"నువ్వు సదువుకున్యావు. కాయితం రాయి."

ఆ మాటకు నేనెంత పొంగిపోయానో దాచుకోను. మరుసటిరోజే దిబ్బ దగ్గరికి పోయాను. కింద నిలబడి మీవాళ్ళు ఎక్కడ ఉన్నారని అడిగాను. ఆయన గడ్డం ఎత్తాడు. నేను చూశాను, చూశాననుకున్నాను. పాతకాలపు సమాధులు ఊరికి దక్షిణం పక్క రాతినేలలో ఉంటాయని నేను చదివిన పుస్తకంలో ఉంది. దక్షిణపు వాలులో రాళ్ళూ కనపడ్డాయి. ఆయన చూపిందీ అదేనని తీర్మానించుకుని ఇంటికొచ్చి మూడు పేజీల అర్జీ రాశాను. 'చారిత్రక ప్రాధాన్యము గల దక్షిణపు వాలు' అని రాశాను. 'అనాదిగా' అనే మాట నాలుగుసార్లు వాడాను. చదివి వినిపిస్తే ఆయన మధ్యమధ్య తలూపాడు. ఆ భాష ఆయనకు సగం అర్థం కాలేదని నాకు తట్టలేదు. నేను చదివే తీరుకు నేనే మురిసిపోతున్నాను.

అర్జీ పనిచేసింది. అదే అన్యాయం. ఆఫీసువాళ్ళు వచ్చారు, దక్షిణపు వాలు చుట్టూ ఎర్రజెండాలు నాటారు. దాన్ని వదిలేసి పడమటి వైపు నుంచి మన్ను ఎత్తుకోమని చెప్పిపోయారు. పెద్దాయన వాళ్ళంతా ఉన్నది పడమటి వాలులో.

మూడోరోజు పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, మిషన్ మా పక్కకొచ్చింది. జెండాలు ఆ పక్క పాతినారు. నాయన గడ్డపార తీస్కొని పోయినాడు."

బండి ఎలా నడిపానో తెలియదు. దారిపొడుగునా ఆయన మిషన్‌కు అడ్డంపడి ఉంటాడని, కొట్టుకుంటున్నారని, ఇంకా ఏవేవో ఊహించుకున్నాను. పోయి చూస్తే మిషన్ ఆగి ఉంది. దాని నీడలో ఇద్దరు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒకరు పెద్దాయన, ఇంకొకరు పులివెందులలో నాకు కనపడిన ఈ డ్రైవరే. గడ్డపార డ్రైవరు చేతిలో ఉంది.

"మళ్ళా కొట్టు," అంటున్నాడు పెద్దాయన.

డ్రైవరు కొట్టాడు. ఠంగుమంది.

"ఇప్పుడు ఈడ."

దబ్ మంది.

డ్రైవరు తల గోక్కున్నాడు. "నిజమే తాతా. నాగ్గూడా బకెట్టుకు తెలుస్తాది. కొన్ని చోట్ల పళ్ళు పట్టవు, కొన్ని చోట్ల ఊరికే జారిపోతాది. ఎందుకో ఎప్పుడూ అనుకోలేదు."

"ఎందుకంటే ఆడ నీకంటే ముందు ఎవురో తవ్వినారు. ఏడుస్తా పూడ్చినారు. నువ్వూ నేనూ ఒగటే పనోళ్ళం అబ్బీ. నాది పొట్టి గడ్డపార, నీది పెద్దది. అంతే."

డ్రైవరు లేచి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. కంట్రాక్టరు మనిషి ఒకడు ఫోను చెవికి పెట్టుకుని అరుస్తూ వచ్చాడు. "ఎలకలు పట్టేటోని మాటకు రోడ్డు ఆపుతావా? టిప్పర్లు నిలబడ్నాయి ఆడ!"

"ఎలకలు ఉండేది రోడ్డు కిందనే గదన్నా," అన్నాడు డ్రైవరు. "ఇంజనీరు సారొచ్చి చెప్పనీ. ఆయనొచ్చేదాకా బకెట్టు దించను."

ఇంజనీరు వచ్చాడు. వేముల పక్కనాయన. రైతుబిడ్డే, ఎలుకలు పట్టేవాళ్ళు తమ చేలలోకీ వచ్చేవాళ్ళట. అయినా ఆయన మొహంలో నమ్మకం కనపడలేదు. బోర్లించిన కుండపెంకులు నాలుగు చూపిస్తే రోడ్డు ఆగదు, నాకు తెలుసు. నా అర్జీయేమో దక్షిణం అంటోంది. ఆయన దాన్ని ఫోనులో తెరిచి నాకే చూపించాడు. నేను తల దించుకున్నాను.

"తాతా, ఒక పని చేద్దాం," అన్నాడు చివరికి. "పోయిన ఎండాకాలం మన్ను పరీక్షకు ఈ దిబ్బ మీద గుంతలు తీపిచ్చి, పూడ్పిచ్చినా. యాడ తీపిచ్చినానో నా ఫోన్లో గుర్తులుండాయి. వానలు పడినాయి, గడ్డి మొల్చింది, ఇప్పుడు నాకే కనపడవు. నువ్వు కనుక్కో. కనుక్కుంటే నీ చెవిని నమ్ముతా."

"ఎన్ని సారూ?"

"నాలుగు."

పెద్దాయన తల తువ్వాలు విప్పి నడుముకు చుట్టుకున్నాడు.

ఆ తర్వాతి గంటసేపు అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఒక్క గడ్డపార చప్పుడే. ఆయన దిబ్బ మీద మలుపులు తిరుగుతూ నడుస్తున్నాడు. వెనక కూతురు తంగేడు రెమ్మలు పట్టుకుని, ఆమె వెనక ఇంజనీరు ఫోను పట్టుకుని. మొదటిచోట ఆయన గడ్డం ఎత్తాడు. కూతురు రెమ్మ గుచ్చింది. ఇంజనీరు ఫోను చూసి తలూపాడు. రెండోచోట తలూపాడు. మూడోచోట ఫోను రెండుసార్లు చూశాడు. నాలుగోచోట ఫోను చూడకుండా పెద్దాయన మొహం చూశాడు. కంట్రాక్టరు మనిషి ఎప్పుడో ఫోను పెట్టేసి, అందరితో పాటు నడుస్తున్నాడు.

"అయిపోయింది తాతా, రా. నమ్మినా," అన్నాడు ఇంజనీరు.

పెద్దాయన ఆగలేదు. ఇంకో ఇరవై అడుగులు పోయి, మూడుసార్లు కొట్టి, "సారూ, ఇంగొగటి ఉంది," అన్నాడు.

"లేదు తాతా. నాలుగే."

"ఉంది. నీ నాలుగింటి ఈడుదే. పూడ్చినోడు సరిగ్గా తొక్కల్యా."

ఇంజనీరు గుంతలు తీసిన మేస్త్రీకి ఫోన్ చేశాడు, మేమంతా వినేట్టు. "ఒరేయ్, దిబ్బ మీద ఎన్ని గుంతలు తీసినార్రా?"

"నాలుగే సార్."

"ఐదోది నా కాళ్ళ కిందుంది. నిజం చెప్పు."

"ఒగ గుంతలో మోకాటి లోతుకే నాపరాయి తగిల్నాది సార్. మన సీమలో నాపరాయి తగలంది యాడ సార్? పూడ్చేసి పక్కకు జరిగినాం. అది లెక్కలోకి రాదనుకుంటిమి."

నిజమే, నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. మా ఇళ్ళ కప్పులు నాపరాయి, మా గుమ్మాల మెట్లు నాపరాయి. భూమి కింద నాపరాయి ఉందంటే మా వైపు ఎవరూ తల తిప్పి చూడరు.

పెద్దాయన మిషన్‌ను దగ్గరికి రానివ్వలేదు. తనే తవ్వాడు, చివరి జానెడు చేతులతో తీశాడు. బండ కనపడింది. అరచేత్తో దాని అంచు తుడిచి, ఇంజనీరును కూర్చోమన్నాడు.

"నాపరాయి పరుపుగా పుడతాది సారూ. దీనికి మూలలుండాయి. అంచు తడిమి చూడు, ఎవురో కూసోని కొట్టినారు. ఇది పుట్టింది కాదు, పెట్టింది."

నేను పుస్తకంలో బొమ్మగా చూసిన రాకాసిగుడి మూత అది. దక్షిణాన కాదు, పడమటి వాలులో, పెద్దాయన తల్లిని పూడ్చినచోటికి నాలుగడుగుల దూరంలో.

ఇంజనీరు ఆ రోజే పని ఆపించి పైవాళ్ళకు రాశాడు. రోడ్డుకు మన్ను వేరే గుట్ట నుంచి వచ్చింది. పని పదిరోజులు వెనకబడిందేమో, రోడ్డేం ఆగిపోలేదు. ఇప్పుడు దానిమీదే మన బస్సులు పోతున్నాయి.

ఆ సాయంత్రం ఆయన ముందు నిలబడి, తప్పు నాదే మామా అన్నాను. ఆయన చేతుల మన్ను కడుక్కుంటున్నాడు.

"నువ్వు పుస్తకాన్ని చూసినావు. నా గడ్డాన్ని చూల్లేదు."

"క్షమించు మామా."

"అదంతా ఎందుకుగానీ, తవ్వినోడే పూడ్చాల. ఆ కాయితం నువ్వే తవ్వినావు."

రెండో అర్జీ రాశాను. ఈసారి ఆ వాలు మీద ఆయనతో అడుగడుగూ నడిచి రాశాను. ఒకటే పేజీ. 'అనాదిగా' అనే మాట ఒక్కటీ లేదు. చదివి వినిపిస్తే మూడుచోట్ల ఆపి దిద్దించాడు. నాకు ఇంతవరకు దొరికిన గురువుల్లో అంత చురుకైనవాడు లేడు.

తర్వాత పురావస్తు శాఖ నుంచి ఒకామె వచ్చింది, కోస్తా మనిషి. ఆమె మాట వింటే రేడియో విన్నట్టుందని పెద్దాయన ఆమె ముందే అనేవాడు. ఆమె నవ్వేది. మొదటివారం ఆమె మట్టి రంగు చూసి గీతలు గీసుకుంది. రెండోవారం నుంచి గీత గీసే ముందు "పెద్దాయన్ని పిలవండి" అనేది. ఒకరోజు నాతో అంది, "మేము తవ్వి, రంగు మారినచోట గీత గీస్తాం. ఆయన తవ్వకముందే గీస్తున్నారు. రెండు గీతలూ ఒకటే అవుతున్నాయండీ." ఈ మాట నేను గ్రంథాలయంలో గ్రంథపాలకుడికి, కొలిమి దగ్గర, టీ అంగట్లో, ఎక్కడ పడితే అక్కడ చెప్పాను. ఎవరూ అడగకపోయినా చెప్పాను.

అయితే అసలు సమస్య అప్పటికీ తీరలేదు. పనంతా అయ్యాక, తెరిచినవన్నీ పూడ్చాక, కంచె వేయాల్సి వచ్చింది. ఆమెకు చెప్పడానికి కష్టంగానే ఉంది. "పెద్దాయనా, పాత సమాధుల చుట్టూ అయితే నేను కంచె రాయగలను. మీవాళ్ళవి కొత్తవి. అవి మా పరిధిలోకి రావు."

"కొత్తయి యాడికి మొదలమ్మా?"

"అది మీరే చూపించాలి."

చూపిస్తే, చూపించిన మేరా కంచె బయట పడుతుంది. తల్లి బయట, పెళ్ళాం బయట. చూపించకపోతే అబద్ధం. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

తువ్వాలు విప్పి నడుముకు చుట్టుకున్నాడు. గడ్డపార మొన నేలకు ఆనించి, ఈడుస్తూ నడవడం మొదలుపెట్టాడు. అక్కడక్కడా ఆగి తిరగేసి కొట్టేవాడు, మళ్ళీ ఈడ్చేవాడు. పడమటి వాలు పైనుంచి కింది దాకా, కింద తుమ్మచెట్టు దాకా, మళ్ళీ పైకి. మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆగాడు. ఆయన వెనక నేలమీద ఒకటే గీత, ఎక్కడా తెగకుండా.

"ఇంతమేరా విప్పిన మన్నేనమ్మా. ఈ గీత అవతల విప్పంది. లోపల ఎవురు ముందు, ఎవురెనక అనేది నా గడ్డపారకు తెల్దు. దానికి అందరూ ఒగటే మోగుతారు. నీ రంగుల్లో తేడా కనపడితే నువ్వే గీసుకో."

ఆమె ఆ గీత వెంట ఒక్కతే నడిచింది. అక్కడక్కడా వంగి మట్టి తీసి చూసింది. తిరిగి వచ్చి, "నాకూ తేడా కనపడలేదు" అంది. తన మనిషిని పిలిచి, గీత వెంట సున్నం పోయమంది.

కంచె సున్నం గీత మీదే పడింది. వేర్లకు పోవడానికి పెద్దాయన వాళ్ళకు ఒక చిన్న దారి వదిలారు. శాఖవాళ్ళ పటంలో ఆ గీత అచ్చయింది. గ్రంథాలయానికి ఒక ప్రతి తెప్పించాను. నేను వెయ్యి పుస్తకాలు చదివి ఉంటాను, ఆ ఒక్క గీతంత గట్టి వాక్యం ఎక్కడా చదవలేదు. దాన్ని గీసినాయన పక్కన తీగెచుట్ట మీద కూర్చునే అదృష్టం నాకు దక్కింది.

పులివెందులలో ఆ కబురు విన్నాక, ఆదివారం దిబ్బ దగ్గరికి పోయాను. కూతురు చేనిపని నుంచి అప్పుడే వచ్చింది. భుజం మీద ఆ పొట్టి గడ్డపారే ఉంది.

"మీరే పూడ్చినారామ్మా?" అన్నాను.

"మేమే అన్నా. తొక్కింది నేనే. సరిగ్గా తొక్కినా," అంది.

జమ్మలమడుగుకు పోయి ఎక్కిన తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన కూర్చున్నాయన ప్రొద్దుటూరులో సంబంధం చూడటానికి పోతున్న కొత్త మనిషి. దిబ్బ దగ్గరికి రాగానే నా మీదుగా వంగి బయటికి చూశాడు.

"ఏందప్పా ఆ కంచె? ఏముందాడ?"

"మా పెద్దవాళ్ళున్నారు."

"మీవాళ్ళా? యాడ?"

ఒళ్ళో నా పిడికిలి మూసే ఉంది. గడ్డం ఎత్తాను. ఆయన తల పడమటి వాలు వైపు తిరిగింది, సరిగ్గా అక్కడికే. బస్సు మలుపు తిరిగేదాకా అటే చూస్తూ ఉన్నాడు.